‘బీడీఎస్ అన్నా’ అనే మాట మానుకుందాం

నీట్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి కౌన్సెలింగ్ ముగిసే దాకా గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఇంటర్ బైపీసీ చదివిన పిల్లలున్న ప్రతి ఇంటా ఒక వాక్యం వినబడుతుంది: “ఎంబీబీఎస్ రాకపోతే బీడీఎస్ అన్నా చేయిద్దాం.” ఈ వాక్యంలో నా అభ్యంతరమంతా ‘అన్నా’ అనే రెండక్షరాల మీదనే. కోరుకున్నది దొరకనప్పుడు చేతికందిన దానితో సరిపెట్టుకొనేవాడు పలికే మాట అది. నాలుగేళ్ళ పాఠాలు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, ఆ తరువాత ముప్ఫై నలభై ఏళ్ళ జీవనోపాధి, వీటన్నింటినీ సరిపెట్టుకొనే మాటతో మొదలుపెట్టించడం బిడ్డకు అన్యాయం. రేపు ఆ బిడ్డ ముందు నోరు తెరిచి కూర్చోబోయే రోగికి అంతకంటే పెద్ద అన్యాయం.

నేను దంతవైద్యుణ్ణి కాను. ఎంబీబీఎస్ చదివి, సాధారణ వైద్యుడిగా ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. కనుక ఇది నా శాఖ గొప్ప చెప్పుకోవడానికి రాస్తున్న వ్యాసం కాదు. మన ప్రాంతంలో దంతవైద్య విద్యకు పిల్లలను సిద్ధం చేస్తున్న తీరు తప్పుదారిలో ఉన్నదని, దాన్ని మార్చుకొనే వీలు ఏ ప్రభుత్వం చేతిలోనో కాక మన ఇళ్ళలోనే ఉన్నదని చెప్పడానికి రాస్తున్నాను.

మన దరఖాస్తులో లేని ప్రశ్న

బీడీఎస్‌కు దరఖాస్తు అంటే మన దగ్గర ఏమిటో ముందుగా చూద్దాం. దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష నీట్. భౌతికశాస్త్రంలో 45, రసాయనశాస్త్రంలో 45, జీవశాస్త్రంలో 90, మొత్తం 180 ప్రశ్నలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు 1 మార్కు కోత, మొత్తం 720 మార్కులు, సమయం 3 గంటలు. ర్యాంకు వచ్చాక విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ఇస్తుంది. ఆన్‌లైన్‌లో వివరాలు నింపి, ధ్రువపత్రాలు జతచేసి, కళాశాలల పేర్లను వరుసగా ఎంచుకోవాలి. ర్యాంకు, రిజర్వేషన్, స్థానికత లెక్కలు చూసి కంప్యూటర్ సీటు కేటాయిస్తుంది.

ఈ ప్రక్రియ మొత్తంలో “నీవు దంతవైద్యం ఎందుకు చదవాలనుకుంటున్నావు?” అని అడిగేవారు ఒక్కరూ ఉండరు. ఆ పిల్లవాడు ఒక్కసారైనా దంత వైద్యశాలలో గంటసేపు నిలబడి చూశాడా, సూక్ష్మమైన పని చేయడానికి అతని చేయి లొంగుతుందా, ఎదుటివారి నోటి వాసన, చీము, నెత్తురు అతడు భరించగలడా అన్న విచారణ ఎక్కడా లేదు.

ఇతర దేశాల్లో ఈ విచారణ ఉంది. అమెరికాలో దంత కళాశాలకు దరఖాస్తు చేసే విద్యార్థి డిగ్రీ చదువుతో పాటు డాట్ అనే పరీక్ష రాయాలి. అందులో ఆకారాలను, కోణాలను, లోతును కంటితో అంచనా కట్టే శక్తిని కొలిచే విభాగం ప్రత్యేకంగా ఉంటుంది. ఒకప్పుడు ఆ పరీక్షలో సుద్దముక్కను చెక్కించేవారు. కెనడాలో చాలాకాలం సబ్బు ముక్కను చెక్కించారు. వీటికి తోడు ఒక దంతవైద్యుని పక్కన నిలబడి పని గమనించిన అనుభవం, గురువుల సిఫారసు లేఖలు, ఈ వృత్తిని ఎందుకు కోరుకున్నాడో విద్యార్థి స్వయంగా రాసే వ్యాసం, చివరకు ముఖాముఖి కూడా ఉంటాయి.

ఇందులో మన తెలుగువారికి సంబంధించిన విచిత్రం ఒకటుంది. ఇక్కడ బీడీఎస్ పూర్తిచేసి అమెరికా వెళ్ళే యువ దంతవైద్యులు చాలామంది. మన పట్టాతో అక్కడ నేరుగా వైద్యం చేయడానికి సాధారణంగా వీలుండదు. జాతీయ బోర్డు పరీక్ష రాసి, అక్కడి దంత కళాశాలలో మరో రెండు మూడేళ్ళ ప్రత్యేక కోర్సులో చేరాలి. ఆ దరఖాస్తులో వ్యాసం రాయమంటారు, సిఫారసు లేఖలు అడుగుతారు, అనేక కళాశాలల్లో కృత్రిమ దంతాల మీద చేతిపని చేయించి చూస్తారు. అంటే 18 ఏళ్ళ వయసులో గుంటూరులో ఎవరూ అడగని ప్రశ్నను 25 ఏళ్ళ వయసులో పరాయి దేశం అడుగుతుంది. అప్పటిదాకా ఆ ప్రశ్నే ఎదుర్కోని వ్యక్తి జవాబు కోసం వెతుక్కుంటాడు.

అయితే మన ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ముఖాముఖి పెట్టమని నేను కోరడం లేదు. మన సమాజంలో ముఖాముఖి అనే తలుపు తెరిస్తే ముందుగా లోపలికి వచ్చేది సిఫారసు, దాని వెనుక కులం, దాని వెనుక డబ్బు. ర్యాంకుకు ఎన్ని లోపాలున్నా, కనిగిరిలోని కౌలు రైతు బిడ్డనూ గుంటూరు అరండల్‌పేట వైద్యుని బిడ్డనూ ఒకే కాగితం మీద కొలుస్తుంది. కనుక వ్యవస్థ అడగని ప్రశ్నను ఇల్లు అడగాలి. అది కూడా కౌన్సెలింగ్ చివరి రాత్రి కాదు, ఇంటర్ మొదటి సంవత్సరంలోనే.

మన రైతుకు ఇది తెలియని విద్య కాదు. పత్తి విత్తన ప్యాకెట్టు కొనేముందు అతడు పదిమందిని అడుగుతాడు. నిరుడు ఎవరి చేలో ఎంత దిగుబడి వచ్చిందో, ఏ నేలకు ఏ రకం సరిపోతుందో ఆరా తీస్తాడు. నకిలీ విత్తనం చేతిలో దెబ్బతిన్న అనుభవంతో బిల్లును పెట్టెలో దాచుకుంటాడు. ఒక్క పంట కోసం ఇంత విచారించే మనిషి, బిడ్డ జీవితకాలపు పంట విషయంలో మాత్రం కన్సల్టెన్సీ కుర్రవాడు నింపిన ఆప్షన్ల జాబితాకు తల ఊపుతాడు.

ఈ నేలకు దంతవైద్యుడు ఎందుకు కావాలి

‘అన్నా’ అన్న చిన్నచూపు పోవాలంటే ఈ వృత్తి మన నేల మీద చేయవలసిన పని ఏమిటో తెలియాలి.

మొదటిది ఫ్లోరైడ్. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వర్ణిస్తూ వైద్య పత్రికలో ప్రకటించారు. మనదేశంలో ఈ వ్యాధి గురించిన తొలి శాస్త్రీయ వివరణల్లో అది ముఖ్యమైనది. నాటి నెల్లూరు జిల్లాలోని కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలే 1970లో కొత్త జిల్లాలో చేరి, ఆ తరువాత ప్రకాశం అని పేరుపొందిన జిల్లాలో భాగమయ్యాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంతకు మించిన నీరు తాగిన పసిబిడ్డకు, చిగురు లోపల శాశ్వత దంతాల పింగాణీ పొర ఏర్పడే వయసులోనే దెబ్బ తగులుతుంది. ఎనిమిదేళ్ళ లోపు జరిగిన ఆ నష్టం దంతాలు బయటికి వచ్చాక సుద్ద మచ్చలుగా, గోధుమ రంగు చారలుగా, గుంటలుగా కనబడుతుంది. పెళ్ళిచూపుల్లో పెదవి విప్పి నవ్వలేని ఆడపిల్లలు, ఉద్యోగ ముఖాముఖిలో నోటికి చేయి అడ్డుపెట్టుకొనే మగపిల్లలు ఆ పల్లెల్లో ఎందరో. ఆ మచ్చను చూసి ‘పళ్ళు సరిగా తోమలేదు’ అని మందలించే వైద్యుడు కాక, నీటిని అనుమానించే వైద్యుడు అక్కడ కావాలి.

రెండవది పొగాకు, వక్క. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. ప్రకాశం జిల్లాలో పొగాకు సాగు వేల కుటుంబాలకు జీవనాధారం. పండించేవారి కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ మనదేశంలో పురుషులకు వచ్చే క్యాన్సర్లలో పెదవి, నోటి క్యాన్సర్ ముందు వరుసలో ఉన్నదన్నది కాదనలేని నిజం. దానికి ముందు వచ్చే తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ నొప్పి పెట్టవు. నొప్పి లేని మచ్చ కోసం ఎవరూ ఎంబీబీఎస్ వైద్యుని దగ్గరకు రారు. పిప్పి పన్ను తీయించుకోవడానికి దంతవైద్యుని కుర్చీలో కూర్చున్నప్పుడే అది ఆయన కంట పడుతుంది. కంట పడాలంటే ఆయన పిప్పి పన్ను ఒక్కదాన్నే కాక నోరంతా చూసే అలవాటున్నవాడై ఉండాలి.

వక్క, గుట్కా నమిలేవారిలో బుగ్గల లోపలి పొర క్రమంగా బిగుసుకుపోయి నోరు తెరుచుకోని స్థితి వస్తుంది. దాని తొలి లక్షణం కారం తగిలితే నోరంతా మంట. ఆసియాలోనే పెద్దదిగా పేరుపడ్డ మిరప యార్డు ఉన్న ఊళ్ళో, టిక్కీలు మోసే హమాలీ “ఈ మధ్య కారం తినలేకపోతున్నానండీ” అంటే వినేవారు నవ్వుతారు. ఆ మాట విన్న దంతవైద్యుడు మాత్రం నవ్వకూడదు. అతని రెండు వేళ్ళు నిలువుగా నోట్లో పడుతున్నాయా, మూడు పడుతున్నాయా అని చూడాలి. ఆ క్షణంలో గుట్కా మాన్పించగలిగితే రేపటి క్యాన్సర్‌ను ఆపినవాడవుతాడు.

మూడవది మధుమేహం. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ళు చెడతాయి. చిగుళ్ళు చెడితే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. ఈ రెండింటికీ ఉన్న సంబంధం చాలాకాలంగా తెలిసినదే. నా వంటి వైద్యులు మాత్రల మోతాదు పెంచుతూ పోయిన రోగులలో ఎందరికో చిగుళ్ళ చికిత్స కూడా అవసరమై ఉంటుంది.

ప్రపంచంలో సుమారు 350 కోట్ల మందికి నోటి వ్యాధులున్నాయని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇంత పెద్ద పనిని ‘మిగిలితే చూద్దాం’ అన్న చదువుగా భావించడానికి మనకు ఏమి ఆధారం ఉంది?

సీట్లు మిగిలాయి, ప్రశ్న కూడా మిగిలింది

2020-21 విద్యా సంవత్సరంలో దేశవ్యాప్తంగా 7,000కు పైగా బీడీఎస్ సీట్లు ఖాళీగా మిగిలాయి. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. దేశంలో దంతవైద్యుల కొరత లేదు గనుక అర్హత స్థాయిని తగ్గించనక్కరలేదని కేంద్రం వాదించింది. 2021 ఫిబ్రవరిలో న్యాయస్థానం నీట్ అర్హతను 10 పర్సంటైల్ మేరకు తగ్గించమని ఆదేశిస్తూ, ప్రైవేటు దంత కళాశాలలు తమ రుసుములు తగ్గించే విషయం ఆలోచించాలని కూడా చెప్పింది.

మన వార్తల్లో మొదటి సగం ప్రచారమైంది. “నీట్‌లో కాస్త మార్కులు వస్తే చాలు, బీడీఎస్ ఖాయం” అన్న మాట పుట్టింది. రెండవ సగాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సీటు ఖాళీగా ఉండటానికి కారణం ఆ చదువు విలువ తక్కువ కావడం ఒక్కటే కాదు; ఆ రుసుము కట్టి చదివితే తిరిగి వచ్చేది ఎంతో లెక్క వేసుకున్న కుటుంబాలు వెనుకడుగు వేయడం కూడా. ఆ లెక్క మన ఇళ్ళలోనూ జరగాలి.

ప్రైవేటు కళాశాలలో కన్వీనర్ కోటా సీటుకు, బి కేటగిరీ సీటుకు, ప్రవాసుల పేరిట ఉండే సి కేటగిరీ సీటుకు రుసుములో చాలా వ్యత్యాసం ఉంది. మూడింట్లోనూ వచ్చే పట్టా ఒకటే. పట్టా వచ్చిన వెంటనే రాబడి మొదలు కాదు. సొంత వైద్యశాల పెట్టాలంటే కుర్చీ, ఎక్స్‌రే యంత్రం, పరికరాలను శుద్ధిచేసే ఆటోక్లేవ్, అద్దె, సహాయకురాలి జీతం, ఇవన్నీ ముందు పెట్టుబడులు. ఇంకొకరి వైద్యశాలలో పనికి కుదిరితే తొలి ఏళ్ళ జీతం పరిమితంగానే ఉంటుంది. ఎండీఎస్ చేయాలంటే మళ్ళీ ప్రవేశ పరీక్ష, మళ్ళీ రుసుము.

తెల్లదోమ దెబ్బకు పత్తి పోయి, అప్పు తీర్చలేక 1987-88లో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి మా తరం మరచిపోలేదు. పంటకు చేసిన అప్పు ఏం చేస్తుందో చూసిన నేల ఇది. సీటుకు చేసే అప్పు అంతకంటే మెత్తనిదని ఎవరు చెప్పారు? రెండెకరాలు అమ్మి బి కేటగిరీలో చేరిన బిడ్డ, చదువు నచ్చకపోయినా నచ్చలేదని నోరెత్తి చెప్పలేడు. ఆ మౌనాన్ని మనం ‘బుద్ధిమంతుడు’ అని మెచ్చుకుంటాం.

ఆడపిల్లల విషయంలో మరొక మాట చెలామణిలో ఉంది: “అమ్మాయికి బీడీఎస్ చాలు, మంచి సంబంధాలు వస్తాయి.” పెళ్ళి పిలుపు మీద పేరుకు ముందు ‘డాక్టర్’ అని అచ్చు వేయించుకోవడానికి ఐదేళ్ళ చదువు చదివించి, పెళ్ళయ్యాక వైద్యశాల పెట్టనివ్వని కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. పనిచేయించే ఉద్దేశం లేకుండా చదివించడం, కోతకు వెళ్ళే ఉద్దేశం లేకుండా మిరప నాటడం వంటిది.

ఇంటర్ నాటి నుంచే చేయవలసినవి

ఇక సిద్ధపడే మార్గం చెబుతాను. ఇందులో రహస్యాలు లేవు; చేసేవారు తక్కువ, అంతే.

ఒకటి, చూడటం. ఇంటర్ మొదటి ఏడాది వేసవి సెలవుల్లో మీ ఊరి దంతవైద్యుణ్ణి అడిగి, రోగుల అంగీకారంతో నాలుగైదు రోజులు ఒక మూలన నిలబడి చూడనివ్వండి. వీలైతే విజయవాడ ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రికో, గుంటూరు దగ్గర తక్కెళ్ళపాడులోని సిబార్ దంత కళాశాలకో రోగితో తోడుగా వెళ్ళి, అక్కడి బయటి రోగుల విభాగాన్ని గమనించండి. ఇంటికి వచ్చాక బిడ్డ ఏం మాట్లాడుతున్నాడో వినండి. “ఆ పన్ను ఎలా తీశారంటే...” అని చెప్పుకుపోతే అది ఒక సూచన. అన్నం ముందు ముఖం తిప్పుకుంటే అదీ సూచనే.

రెండు, చేయి. బీడీఎస్ మొదటి సంవత్సరంలోనే మైనపు దిమ్మను చెక్కి దంతాల ఆకారాలు తీయిస్తారు. ఒక సుద్దముక్క, ఒక చిన్న చాకు ఇచ్చి, దవడ పన్ను బొమ్మ చూపి చెక్కమనండి. మొదటిసారి ఎవరికీ రాదు. పదిసార్లు ప్రయత్నించే ఓపిక ఉందా, ప్రతిసారీ కొంత మెరుగవుతోందా అన్నదే చూడవలసినది. కుట్టుపని, ముగ్గు, చిత్రలేఖనం, గడియారం విప్పి బిగించడం, ఇలాంటి వాటిలో ఆనందం పొందే పిల్లలను ‘చదువు మాని ఆ పనులేమిటి’ అని కసిరే ఇల్లు, దంతవైద్యుని చేతులను మొగ్గలోనే తుంచుతోంది.

మూడు, మార్కులు. మనసు, చేయి ఎంత అనుకూలించినా ర్యాంకు లేనిదే సీటు లేదు. మొత్తం 720లో సగం, అంటే 360 మార్కులు జీవశాస్త్రానివే. ఇద్దరికి సమాన మార్కులు వస్తే ముందుగా చూసేదీ జీవశాస్త్రమే. కనుక ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్ర పుస్తకాలను వాక్యం వదలకుండా, బొమ్మల కింది అక్షరాలతో సహా చదవడం అన్నింటికన్నా ముందు పని. తప్పుకు కోత ఉన్నది గనుక తెలియని ప్రశ్నను వదిలే అలవాటు అభ్యాస పరీక్షల్లోనే రావాలి. పల్లె బడిలో తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు నీట్‌ను తెలుగులోనూ రాయవచ్చు. అయితే అనువాదంలో సందేహం వస్తే ఆంగ్ల ప్రశ్నపత్రమే ప్రామాణికం. అందుచేత శాస్త్ర పదాలను రెండు భాషల్లోనూ నేర్చుకోవడం మేలు.

ఇక్కడ లాంగ్ టర్మ్ గురించి కూడా చెప్పాలి. ఒక ఏడాది మళ్ళీ ప్రయత్నించడంలో తప్పు లేదు. మొదటిసారి ఎందుకు తగ్గాయో తెలిసి, ఆ లోపం సరిదిద్దుకొనే మార్గం ఉంటే అది మంచి నిర్ణయమే. కారణం తెలియకుండా రెండో ఏడు, మూడో ఏడు అదే గదిలో, అదే నోట్సుతో, తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా బిడ్డను కూర్చోబెట్టడం వైద్యం కాదు, వ్యాధి. నిద్ర తగ్గితే జ్ఞాపకశక్తి తగ్గుతుందన్నది నా బోటి వైద్యుడు చెప్పనక్కరలేని సంగతి. బిడ్డ తిండి మానేసినా, మాట తగ్గించినా, ‘నేను దేనికీ పనికిరాను’ అన్నా, ర్యాంకు సంగతి పక్కనపెట్టి ఆ రోజే ఇంటికి తీసుకురండి. అవసరమైతే మానసిక వైద్యునికి చూపించండి. సీటు వచ్చే ఏడాది కూడా ఉంటుంది.

నాలుగు, కాగితాలు. ఆధార్‌లో, పదవ తరగతి మార్కుల జాబితాలో, నీట్ దరఖాస్తులో పేరు అక్షరాలు ఒకేలా ఉండాలి. 6వ తరగతి నుంచి ఇంటర్ వరకు ప్రతి ఏటి స్టడీ సర్టిఫికెట్ సేకరించుకోవాలి. స్థానికత తేలేది వాటి మీదనే. పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలోకి, నెల్లూరు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తాయి. కందుకూరు, కనిగిరి పిల్లలు ఇంటర్‌కు నెల్లూరో, హైదరాబాదో వెళ్తే ఈ సంగతి ముందే తెలుసుకొని వెళ్ళాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం కౌన్సెలింగ్ వారంలో సచివాలయం చుట్టూ తిరగడం కంటే ఏప్రిల్‌లోనే తెచ్చుకోవడం సుఖం. చేరాక సీటు వదిలితే కట్టవలసిన మొత్తం ఎంతో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చదివిన తరువాతే ఆప్షన్ పెట్టాలి.

ఐదు, దళారి. “మా మనిషి ఉన్నాడు, బి కేటగిరీ సీటు ఇప్పిస్తాడు” అనేవాణ్ణి గుమ్మంలోనే ఆపండి. నీట్ అర్హత లేకుండా ఏ కోటాలోనూ బీడీఎస్ సీటు లేదు. బి కేటగిరీ సీట్లూ నీట్ ర్యాంకును బట్టి విశ్వవిద్యాలయం నిర్వహించే కౌన్సెలింగ్‌లోనే భర్తీ అవుతాయి. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ మన రాష్ట్రం 1983లోనే చట్టం చేసింది. రసీదు లేని ప్రతి రూపాయీ నేరమే. దాన్ని ‘డొనేషన్’ అనే అందమైన పేరుతో పిలవడం మనం మానాలి.

రెండు ఆక్షేపణలకు జవాబు

“ఉన్న దంతవైద్యులకే పనిలేదు, కొత్తవారు ఎందుకు?” అంటారు కొందరు. గుంటూరు, ఒంగోలు ప్రధాన వీధుల్లో నడిస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. పామూరు, వెలిగండ్ల, బొల్లాపల్లి, వెల్దుర్తి పల్లెల వైపు వెళ్తే పంటినొప్పికి లవంగ నూనె, ఆపైన ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి మాత్రలే గతి. దంతవైద్యులు పట్నాల్లో పోగుపడ్డారు, పల్లెల్లో లేరు. పల్లెకు వెళ్ళే ధైర్యం చేసేది ఈ వృత్తిని ఎంచుకున్నవాడే. గత్యంతరం లేక వచ్చినవాడు పట్నంలో మరో బోర్డు కడతాడు. ఏరియా ఆసుపత్రుల్లో, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో దంతవైద్య పోస్టులు పెంచవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ కోరిక మనం బలంగా వినిపించాలి.

“పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఏం తెలుసు, పెద్దలు చెప్పిందే చదవాలి” అనేది రెండవది. నిజమే, వారికి అన్నీ తెలియవు. తెలియదు గనుకనే చూపించమంటున్నాను. నాలుగు రోజులు వైద్యశాలలో నిలబడితే తెలుస్తుంది. తెలిసిన తరువాత “వద్దు నాన్నా” అంటే ఆ మాటను గౌరవించండి. భౌతిక చికిత్స, నర్సింగ్, వ్యవసాయ శాస్త్రం, పశువైద్యం, ప్రయోగశాల విద్య, వీటిలో ఏదీ తక్కువది కాదు. ఎంబీబీఎస్ ఒక్కటే కొండ శిఖరం, మిగిలినవన్నీ దొర్లిపడ్డ రాళ్ళు అన్న ఆలోచన మా వైద్య వర్గమే పెంచి పోషించిందని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఒకే ఆసుపత్రిలో దంతవైద్యుణ్ణి ‘పళ్ళ డాక్టరు’ అని చులకనగా పిలిచే ఎంబీబీఎస్‌లు ఇప్పటికీ ఉన్నారు. నోటి క్యాన్సర్ మచ్చను తాము గుర్తించలేక మూడు నెలలు విటమిన్ మాత్రలు రాసినవారిలో అలాంటివారూ ఉంటారు.

విశ్వవిద్యాలయానికి నాది ఒక్కటే విన్నపం. ఆప్షన్లు పెట్టడానికి ముందు ప్రతి దంత కళాశాల గురించి ఒక పుట తెలుగులో ప్రకటించండి: మూడు కేటగిరీల రుసుము, వసతిగృహం ఖర్చు, రోజుకు ఎందరు రోగులు వస్తారు, గత ఏడు ఎందరు సమయానికి పూర్తిచేశారు. దంతవైద్యం చేతితో నేర్చుకొనే విద్య. రోగులు రాని కళాశాలలో అద్దాల భవనం ఎంత ఎత్తున ఉన్నా విద్యార్థి చేయి ఖాళీగానే ఉంటుంది. ఈ వివరాలు బయటపెట్టడానికి కొత్త చట్టం అవసరం లేదు.

తల్లిదండ్రులకు నా మనవి ఇంకా చిన్నది. ఈ వారంలో ఒక సాయంత్రం, టీవీ కట్టేసి, పుస్తకం మూయించి, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, “నీకు ఈ పని ఇష్టమేనా?” అని అడగండి. జవాబు వెంటనే రాకపోతే తొందరపెట్టకండి. ఇష్టమే అంటే మీ ఊరి దంతవైద్యుని దగ్గరకు ఎల్లుండే తీసుకువెళ్ళండి.